వరకు

వారాసిగూడల మూడో అంతస్తు దాకా
మెట్లెక్కి వచ్చిండు శ్రీశైలం.
పేరు మెడల కార్డు మీద చదివిన.
చేతిల రంగుకాగితం, చంకల హెల్మెటు,
పెదాలు మాత్రం కింది మెట్టు కాడనే
మాట్లాడుడు మొదలువెట్టినట్టున్నయి.

నాకు వినపడది.
ఆ సంగతి మా సాకేత్ చెప్పాలె. చెప్పలే.
తొమ్మిదేండ్ల పోరడు, నా చెవులకు జీతం లేని గుమస్తా.
అప్పుడప్పుడు లంచం తింటడు.
"రెండొందల స్పీడు తీసుకోమంటున్నడు" అని
వేళ్లతోటి చెప్పిండు నాకు.
శ్రీశైలం పెదాల మీద నాకు కనబడ్డది నలభై.
వీని కండ్లల్ల కనబడ్డది ఆట.

కాగితం కుట్టుబల్ల మీద పరిచిన.
నలభైకి మూడువందల తొంభై తొమ్మిది.
నూటికి ఐదువందల తొంభై తొమ్మిది.
రెండొందలకు వెయ్యికి రూపాయి తక్కువ,
ఆ రూపాయి కాడ ఎంత మర్యాదో!
అడుగున చీమతలకాయంత అక్షరాలు:
జీఎస్టీ వేరే. ఆర్నెల్లది ముందుగాల కట్టాలె.
ప్రతి అంకె పక్కన ఒక చుక్క,
చుక్క కింద వెతికితే ఒక్కటే మాట.
వరకు.
నూరు వరకు.
పదిహేనేండ్లు బైండింగు షాపుల పుస్తకాలు కుట్టిన,
ఇంత చిన్న మాటల ఇంత పెద్ద సందు
యాడ చూడలే.

కాగితం తిప్పి పెన్సిలుతోటి రాసిన:
దిగే స్పీడు సరే, ఎక్కే స్పీడెంత?

తల గోక్కున్నడు.
అదెవరు అడగరు మేడం, అన్నడు మెల్లగ,
అప్పటికి సమజైంది ఆయనకు, పెదాలు పెద్దగ తెరిచిండు.
నిజమే. అందరికి దిగేదే కావాలె,
సినిమాలు దిగాలె, క్రికెట్టు దిగాలె.
నాకు ఎక్కేది కావాలె.
రాత్రి తొమ్మిది కొట్టంగనే నా రెండు చేతులు
ఈడికెల్లి ఎక్కి ఆదిలాబాదుల దిగాలె.

ఆడ నస్రీన్ ఉంటది.
మలక్‌పేట బడిల నా పక్క బెంచి.
గడ్డం మీది పుట్టుమచ్చను వేలితోటి తాకితే అదే ఆమె పేరు,
రేషన్ కార్డుల పేరు నాకు శానా ఏండ్లకు తెలిసింది.
పాత ప్లానుల, వానవడ్డ రోజుల,
ఆమె చెయ్యి గాలిల సగం మాట పట్టుకొని నిలవడేది.
ఒకసారి "నాకు మళ్లా" కాడ ఆగింది.
మూడు నిమిషాలు.
మళ్లా ఏంది? కడుపా? జ్వరమా? ఆయన తోటి లొల్లా?
స్టూలెక్కి రౌటరును పసిపిల్ల లెక్క వీపు తట్టిన.
తీరా కదిలినంక తెలిసింది,
మళ్లా బిర్యాని అడుగంటిందంట.

శ్రీశైలం ఎవరికో ఫోన్ చేసి వచ్చిండు.
నలభైల ఎక్కేది ఐదు.
నూటిల ఎక్కేది నూరు.
"వరకు" అని మాత్రం
గడప దిక్కు చూస్కుంట అన్నడు, అయినా చదివిన.

లెక్కేసిన. నెలకు ఏడువందల ఏడు.
ఆర్నెల్లకు నాలుగు వేల రెండొందల చిల్లర.
మిక్సీ మోటరు కాలిపోయి నెలైంది,
దానికని డబ్బాల పెట్టినయి అంతకు కొంచెమే తక్కువ.
పోనీ.
చట్నీ రోట్ల నూరుకుంట,
నూరే తీసుకుంట.
సాకేత్ మూతి ముడిచిండు. వాని దిక్కు చూడలే.

శుక్రవారం తీగ గుంజిన్రు,
కరెంటు స్తంభం మీదికెల్లి,
ఎదురింటోళ్ల లుంగీల మీదికెల్లి.
తొమ్మిదింటికి నస్రీన్ వచ్చింది.
ముక్కుపుల్ల మెరుపు సుత కనబడుతున్నది,
మోచేతి మీది పిండి సుత.
షాపు సంగతి, పిల్లల సంగతి, గ్యాసు ధర అయిపోయినంక
అడిగిన: నువ్వు మంచిగున్నవా?

ఆమె చెయ్యి లేసింది.
గాలిల ఆగిపోయింది.

తిట్టుకుంట స్టూలు గుంజిన, ఒక కాలు పెట్టిన.
రౌటరుకు అన్ని పచ్చ లైట్లే.
మళ్ల ఫోన్ దిక్కు చూసిన.
ఆమె ఎనక కర్టెను కదులుతున్నది.
గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతనే ఉన్నది.

నెట్టు ఆగలే.

స్టూలు దిగిన.
చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్న,
ఆమె చెప్పే వరకు.